వెబ్ పటాలలో టైల్ కాష్, డిస్క్ నిర్వహణ: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

సాహిత్య, చారిత్రక పరిశోధనలలో వెబ్ పటాల వినియోగం పెరుగుతున్నది. పటాన్ని వేగంగా చూపడానికి సర్వరు ముందే గీసి దాచుకొనే చిన్న చిత్రాల నిల్వను టైల్ కాష్ అంటారు. ఈ నిల్వను పట్టించుకోకపోతే రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, డిస్క్ నిండి సర్వరు నిలిచిపోవడం. రెండవది, మూల సమాచారాన్ని సవరించినా పాఠకునికి పాత పటమే కనిపించడం. జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ప్రాంతాన్ని తీసుకొని, టైళ్ల సంఖ్యను లెక్కగట్టి, డిస్క్ నిండే తీరును, దానిని అదుపు చేసే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. కాష్ అనేది ప్రతి మాత్రమేననీ, దానిని మాతృకగా భావించరాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వెబ్ పటం, టైల్, కాష్, డిస్క్ పరిమితి, జియోసర్వర్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, పాలమూరు సంస్థానాలు, శ్రీశైలం ముంపు.

1. ఉపోద్ఘాతం

పాలమూరు ప్రాంత సాహిత్యాన్ని పరిశోధించేవారికి కవి పేరుతో పాటు ఊరి పేరు కూడా ముఖ్యమే. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట సంస్థానాల ఆశ్రయంలో సాగిన సాహిత్యాన్ని స్థలంతో ముడిపెట్టకుండా వివరించడం కష్టం. తిరుపతి వేంకట కవుల సంస్థాన సందర్శనలను గాని, 1934లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లోని 354 మంది కవుల నివాసాలను గాని పటం మీద గుర్తిస్తే, పట్టికలో కనిపించని సామీప్యాలు, దూరాలు బయటపడతాయి. అందువల్ల పరిశోధకులు తమ సమాచారాన్ని వెబ్ పటాలుగా రూపొందించాలనుకోవడం సహజం.

అయితే ఈ ప్రాంతపు పాలనాపటం స్థిరంగా లేదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు జిల్లాలు చేరడంతో మొత్తం 33 అయింది. సురవరం జన్మించిన బోరవెల్లిని పాత పుస్తకాలు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదిగా చెబుతాయి. నేడది జోగుళాంబ గద్వాల జిల్లాలోని గ్రామం. రెండూ తమ తమ కాలాలకు సరైనవే. కాని పటం ఏ కాలానికి చెందినదో తెలియకుండా దాని చిత్రాన్ని సిద్ధాంతగ్రంథంలో చేర్చినప్పుడు ఆ సమాచారం తప్పుదారి పట్టిస్తుంది.

సమాచారాన్ని సవరించిన తరువాత కూడా పటం పాత జిల్లా పేరునే చూపుతుంటే, తప్పు పరిశోధకునిది కాకపోవచ్చు. సర్వరు దాచుకొన్న పాత చిత్రం ఇంకా తొలగిపోకపోవడమే కారణం కావచ్చు. అదే సర్వరు కొన్ని నెలలకు డిస్క్ నిండి ఆగిపోతే, దానికీ ఆ దాచిన చిత్రాలే మూలం కావచ్చు. ఈ రెండు సమస్యలకూ ఉమ్మడి కేంద్రం టైల్ కాష్.

2. టైల్, కాష్: ప్రాథమిక భావనలు

వెబ్ పటం పాఠకునికి ఒకే చిత్రంగా కనిపించినా, నిజానికి అది పక్కపక్కన పేర్చిన చతురస్రాకారపు పలకల సముదాయం. ఒక్కొక్క పలకను టైల్ అంటారు. సాధారణంగా ఒక టైల్ వెడల్పు 256 పిక్సెళ్లు, ఎత్తు 256 పిక్సెళ్లు. పటాన్ని దగ్గరకు లాగినప్పుడు ఒక జూమ్ స్థాయి నుంచి మరొక స్థాయికి వెళతాం. సున్నా స్థాయిలో ప్రపంచమంతా ఒక్క టైల్‌లో ఇముడుతుంది. తరువాతి స్థాయిలో అది నాలుగు టైళ్లవుతుంది. ఆపై ప్రతి స్థాయిలోనూ సంఖ్య నాలుగింతలవుతూ పోతుంది. 10వ స్థాయిలో ప్రపంచానికి 10,48,576 టైళ్లు అవసరమైతే, 18వ స్థాయిలో దాదాపు 6,872 కోట్ల టైళ్లు కావాలి.

2005లో గూగుల్ మ్యాప్స్ రావడంతో ఈ పద్ధతి విస్తృత ప్రచారం పొందింది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా తన పటాన్ని టైళ్లుగానే చూపుతుంది. పాఠకుడు పటాన్ని జరిపిన ప్రతిసారీ సర్వరు సమాచార నిధిని వెదికి, రోడ్లను, నదులను, ఊర్ల పేర్లను మళ్లీ గీయవలసి వస్తే ఆలస్యం తప్పదు. అందుకని ఒకసారి గీసిన టైల్‌ను డిస్క్ మీద దాచి, తరువాత ఎవరడిగినా దానినే అందిస్తుంది. ఆ నిల్వే కాష్.

తెలుగు పరిశోధకులకు పరిచితమైన మాటల్లో చెప్పాలంటే సమాచార నిధి మాతృక, టైల్ దాని నుంచి తీసిన ప్రతి. లేఖకుడు అడిగిన ప్రతివారికీ మాతృక నుంచి కొత్తగా రాసి ఇవ్వకుండా, సిద్ధంగా ఉన్న ప్రతిని చేతిలో పెట్టడం వంటిది కాష్. శ్రమ తగ్గుతుంది. కాని మాతృకను సవరించినంత మాత్రాన అప్పటికే రాసిన ప్రతులు తమంతట తాము మారవు.

3. మూడు జిల్లాలకు టైళ్ల లెక్క

తూర్పు రేఖాంశాలు 77.25 నుంచి 79.25 వరకు, ఉత్తర అక్షాంశాలు 15.75 నుంచి 17.00 వరకు ఉండే దీర్ఘచతురస్రం ఇంచుమించుగా ఈ మూడు జిల్లాల పటానికి సరిపోతుంది. వెబ్ పటాలలో వాడే మెర్కేటర్ ప్రక్షేపం ప్రకారం ఈ ప్రాంతానికి కావలసిన టైళ్లు ఇలా ఉంటాయి:

10వ స్థాయి: 35
12వ స్థాయి: 384
14వ స్థాయి: సుమారు 5,500
16వ స్థాయి: సుమారు 87 వేలు
18వ స్థాయి: సుమారు 13.8 లక్షలు

సున్నా నుంచి 18 వరకు అన్ని స్థాయిలనూ కలిపితే మొత్తం సుమారు 18.4 లక్షల టైళ్లు. ఈ మొత్తంలో 18వ స్థాయి ఒక్కటే నాలుగింట మూడు వంతులు. 17, 18 స్థాయిలు రెండూ కలిసి దాదాపు 94 శాతం. 16వ స్థాయి వరకు ఉన్నవన్నీ కలిపినా 1.16 లక్షలే. మరొక స్థాయి కావాలని 19ని చేర్చితే, ఆ స్థాయికే 55 లక్షలకు పైగా టైళ్లు అదనంగా అవసరమవుతాయి. డిస్క్ వినియోగాన్ని నిర్ణయించేది పటం విస్తీర్ణం కన్నా చివరి రెండు మూడు స్థాయిలేనని ఈ లెక్క తేల్చుతున్నది.

ఈ అక్షాంశాల వద్ద 18వ స్థాయి టైల్ నేల మీద సుమారు 147 మీటర్ల మేర చూపుతుంది. ఒక పిక్సెల్ విలువ సుమారు 57 సెంటీమీటర్లు. గద్వాల కోటలోని ఆలయాన్ని, వీధిని విడివిడిగా చూపడానికి ఈ వివరం అవసరమే. కాని ఒక సంస్థానపు ఎల్లలను చూపడానికి 12వ స్థాయి చాలు. ఎంత దగ్గరి స్థాయి కావాలన్న ప్రశ్నకు సమాధానం పరిశోధన విషయం నుంచి రావాలి గాని, సాఫ్ట్‌వేర్ ఇచ్చే గరిష్ఠ అంకె నుంచి కాదు.

4. డిస్క్ నిండే తీరు

ఒక టైల్ సగటున 10 కిలోబైట్లు అనుకొంటే, 18.4 లక్షల టైళ్లకు సుమారు 18.4 గిగాబైట్లు చాలు. ఇది పెద్ద పరిమాణం కాదు. అయినా సర్వర్లు నిండిపోవడానికి మూడు కారణాలున్నాయి.

4.1 ఒకే ప్రాంతానికి పలు ప్రతులు

పటంలో పొరలు పెరిగేకొద్దీ టైళ్ల సంచికలు పెరుగుతాయి. ఆధార పటం, పాలనా సరిహద్దులు, సంస్థానాల ఎల్లలు అనే మూడు పొరలను విడివిడిగా దాచారనుకొందాం. ఊర్ల పేర్లను తెలుగులో, ఆంగ్లంలో రెండు విధాలుగా ఇస్తే సంచికలు ఆరు. ప్రతిదీ పీఎన్‌జీ, జేపెగ్ రూపాలు రెండింటిలోనూ దాచితే పన్నెండు. అప్పుడు టైళ్లు 2.2 కోట్లకు చేరుతాయి.

ఇది ఊహకందని పరిస్థితి కాదు. విస్తృతంగా వాడుకలో ఉన్న జియోసర్వర్ సాఫ్ట్‌వేర్‌లో టైళ్లను దాచే భాగం పేరు జియోవెబ్‌కాష్. దాని సహజ అమరికలో ఒక్కొక్క పొరకు రెండు చిత్రరూపాలు, రెండు ప్రక్షేప జాలాలు ఎంపికై ఉంటాయి. నిర్వాహకుడు తనకు అవసరం లేని వాటిని తొలగించకపోతే, వేర్వేరు కోరికలకు స్పందిస్తూ సర్వరు నాలుగు రకాల నిల్వలను పెంచుతూ పోవచ్చు. పారదర్శకత కావలసిన సరిహద్దు పొరకు జేపెగ్ పనికిరాదు, ఉపగ్రహ చిత్రానికి పీఎన్‌జీ అనవసరంగా స్థలం తింటుంది. పొరకు ఒక రూపం, ఒక జాలం అన్న నియమం పెట్టుకొంటే నిల్వలో పెద్ద భాగం ఆరంభంలోనే తగ్గుతుంది.

4.2 చిన్న ఫైలుకూ పూర్తి గడి

డిస్క్ తన స్థలాన్ని బైట్ల చొప్పున కాక గడుల చొప్పున పంచుతుంది. సాధారణంగా ఒక గడి 4,096 బైట్లు. నల్లమల అడవిలో ఏ పేరూ, దారీ లేని చోటికి చెందిన 18వ స్థాయి టైల్ ఒకే రంగు చతురస్రం. దాని అసలు పరిమాణం మూడు వందల బైట్లే అనుకొన్నా, డిస్క్ మీద ఒక గడిని పూర్తిగా ఆక్రమిస్తుంది. అలాంటివి పది లక్షలుంటే అసలు సమాచారం 300 మెగాబైట్లు, ఆక్రమించిన స్థలం 4 గిగాబైట్లకు పైన. అమ్రాబాద్ అభయారణ్య ప్రాంతం నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నందున ఈ మూడు జిల్లాల పటానికి ఇది నిజమైన లెక్కే.

4.3 స్థలం ఉన్నా చోటు లేకపోవడం

లినక్స్ సర్వర్లలో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే నమోదు ఒకటి ఉంటుంది. ఎక్స్‌ట్ 4 అనే ఫైల్ వ్యవస్థను సహజ అమరికతో రూపొందిస్తే ప్రతి 16 కిలోబైట్ల స్థలానికి ఒక ఐనోడ్ చొప్పున ముందే కేటాయిస్తుంది. వంద గిగాబైట్ల విభాగానికి ఈ లెక్కన సుమారు 65.5 లక్షల ఐనోడ్లు. పైన చెప్పిన 2.2 కోట్ల టైళ్లు తలా ఒక గడి మాత్రమే తీసుకొన్నా 90 గిగాబైట్లలో ఇమడాలి. కాని 65.5 లక్షల ఫైళ్ల దగ్గరే సర్వరు ‘స్థలం లేదు’ అంటుంది. అప్పటికి డిస్క్‌లో సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది.

గ్రంథాలయంలో అరలు ఖాళీగా ఉన్నా పరిగ్రహణ పట్టికలో పుటలు అయిపోయి కొత్త పుస్తకాన్ని చేర్చుకోలేని స్థితి వంటిదిది. మిగిలిన స్థలాన్ని మాత్రమే పరిశీలించే నిర్వాహకునికి ఈ దోషం అంతుబట్టదు. డీఎఫ్ అనే ఆదేశానికి ‘ఐ’ అనే ఐచ్ఛికాన్ని చేర్చి ఐనోడ్ల మిగులును కూడా చూడడం అవసరం.

5. నిల్వను తగ్గించే పద్ధతులు

5.1 ఒకే రంగు టైళ్లు

అడవి, జలాశయం, సరిహద్దుల ఆవలి ఖాళీ భాగం వంటి చోట్ల లక్షలాది టైళ్లు అచ్చంగా ఒకే చిత్రం. అలాంటి చిత్రాన్ని ఒక్కసారే దాచి, తక్కిన చోట్ల దానికి లంకె మాత్రమే పెట్టే వీలు మ్యాప్‌ప్రాక్సీ, మ్యాప్‌కాష్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఎంబీటైల్స్ పద్ధతిలో టైళ్లన్నీ ఎస్‌క్యూలైట్ సమాచార నిధిగా ఒకే ఫైలులో ఉంటాయి. అక్కడ కూడా పునరుక్తమైన చిత్రాన్ని ఒక్కసారే భద్రపరచవచ్చు. ఫైళ్ల సంఖ్య ఒకటికి తగ్గుతుంది కనుక ఐనోడ్ల సమస్య ఉండదు. మారని పటాన్ని కళాశాల నుంచి కళాశాలకు పంచుకోవడానికి ఈ రూపం మరింత అనువైనది.

5.2 మెటాటైల్

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్లలో వాడే మోడ్‌టైల్ పద్ధతి టైళ్లను ఒక్కొక్కటిగా గీయదు. ఎనిమిది అడ్డ వరుసలు, ఎనిమిది నిలువు వరుసలు కలిపి 64 టైళ్ల ప్రాంతాన్ని ఒకేసారి గీసి, ఒకే ఫైలుగా దాస్తుంది. దీనినే మెటాటైల్ అంటారు. మూడు జిల్లాల 18వ స్థాయి టైళ్లు 13.8 లక్షల ఫైళ్లుగా కాక సుమారు 22 వేల ఫైళ్లుగా మిగులుతాయి.

మెటాటైల్ వల్ల తెలుగు పటానికి మరొక మేలు ఉంది. ‘జోగుళాంబ గద్వాల’ వంటి దీర్ఘమైన పేరు రెండు మూడు టైళ్ల మీదుగా సాగుతుంది. టైళ్లను విడివిడిగా గీస్తే ఒక టైల్‌లో పేరు మొదటి సగం ఉండి, పక్క టైల్‌లో రెండవ సగం లేకుండా పోవచ్చు. పెద్ద ప్రాంతాన్ని ఒకేసారి గీసి, చుట్టూ కొంత అంచును వదిలితే ఈ తెగుదల చాలావరకు తగ్గుతుంది. పెబ్బేరు, అచ్చంపేట, కొల్లాపూర్ వంటి పేర్లలో ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి కనుక, నిలువుగా కూడా తగినంత అంచు ఉండాలి.

ఒత్తులు సరైన చోట కుదరాలంటే సర్వరులో తెలుగు ఫాంటుతో పాటు, హార్ఫ్‌బజ్ వంటి అక్షర సంయోజన వ్యవస్థ పనిచేయాలి. అది లేనప్పుడు గీసిన టైళ్లలో ఒత్తు విడిపోయి కనిపిస్తుంది. తరువాత ఫాంటును సరిచేసినా దాచిన టైళ్లలో ఆ దోషం నిలిచే ఉంటుంది. లేఖక దోషం ప్రతుల్లో కొనసాగినట్లే ఇదీ కొనసాగుతుంది. కాబట్టి తెలుగు పేర్ల రూపాన్ని నాలుగైదు ఊర్ల దగ్గర పరీక్షించి చూసిన తరువాతే పెద్దయెత్తున టైళ్లను గీయాలి.

6. ముందే గీయవలసినవి, అడిగినప్పుడు గీయవలసినవి

పాఠకులు అడగకముందే టైళ్లను గీసి దాచడాన్ని సీడింగ్ అంటారు. సెకనుకు పది టైళ్లు గీయగల సర్వరు మూడు జిల్లాల 18.4 లక్షల టైళ్లకు సుమారు 51 గంటలు తీసుకొంటుంది. అదే సర్వరు 16వ స్థాయి వరకు గల 1.16 లక్షల టైళ్లను మూడు గంటల పైచిలుకులో ముగిస్తుంది. వీటి పరిమాణం 1.2 గిగాబైట్ల లోపే.

తరువాతి రెండు స్థాయిలకు ఎంపిక అవసరం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల చుట్టూ పది కిలోమీటర్ల భుజం గల చతురస్రం చొప్పున తీసుకొంటే, 18వ స్థాయిలో ఒక్కో పట్టణానికి సుమారు 4,650 టైళ్లు, మూడింటికి కలిపి సుమారు 14 వేలు. మొత్తం 13.8 లక్షలలో ఇది ఒక్క శాతం. ఆలంపురం, కొల్లాపూర్, ఆత్మకూరు, బోరవెల్లి వంటి పరిశోధనకు అవసరమైన స్థలాలను చేర్చినా ఈ శాతం పెద్దగా పెరగదు. అడవులు, పొలాల భాగాన్ని ఎవరైనా అడిగినప్పుడు గీస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం స్వేచ్ఛగా లభిస్తుంది కాని, దాని ప్రధాన టైల్ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. అక్కడి నుంచి టైళ్లను మూకుమ్మడిగా దించుకోవడాన్ని వారి వినియోగ నియమాలు నిషేధిస్తాయి. సమాచారాన్ని దించుకొని, తమ సర్వరులో తామే టైళ్లు గీసుకొని, మూలాన్ని పేర్కొనడం సరైన పద్ధతి. ఉపగ్రహ చిత్రాల పొర కావలసినప్పుడు దానిని దాచడం కన్నా సేవగా పొందడం మేలు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ద్వారా ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ వేదిక ఇలాంటి సేవలను అందిస్తున్నది.

అన్నింటినీ కాష్‌లో దాచనవసరం లేదు. 354 మంది కవుల బిందువులు గల పొర కొన్ని పదుల కిలోబైట్ల సమాచారం. దానిని టైళ్లుగా మార్చితే లక్షల ఫైళ్లవుతాయి. నేరుగా పాఠకుని బ్రౌజరుకు పంపితే ఒక్క ఫైలుతో పని ముగుస్తుంది. ఒక కవి ఊరును సవరించినప్పుడు ఏ టైల్‌నూ తిరగరాయవలసిన అవసరం ఉండదు. పరిమాణంలో చిన్నదై తరచూ మారే పొరను దాచకూడదు. పెద్దదై అరుదుగా మారే పొరను దాచాలి.

7. పరిమితి, తొలగింపు

కాష్ పెరుగుదలకు హద్దు పెట్టే అమరికను డిస్క్ పరిమితి అంటారు. జియోవెబ్‌కాష్‌లో ఈ సౌకర్యం ఉన్నా, నిర్వాహకుడు ప్రారంభించేవరకు అది పనిచేయదు. పరిమితిని నిర్ణయించేటప్పుడు డిస్క్ గడి పరిమాణాన్ని కూడా సరిగా ఇవ్వాలి. లేకుంటే లెక్కకు, వాస్తవ వినియోగానికి పొంతన ఉండదు.

పరిమితి దాటినప్పుడు ఏ టైళ్లను తొలగించాలన్న దానికి రెండు విధానాలున్నాయి. తక్కువసార్లు వాడినవాటిని తొలగించడం ఒకటి. చాలాకాలంగా వాడనివాటిని తొలగించడం రెండవది. వీటి తేడాను పుష్కరాలతో గ్రహించవచ్చు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగాయి. అలాంటి పన్నెండు రోజుల్లో బీచుపల్లి, సోమశిల ఘాట్ల టైళ్లను వేలమంది చూస్తారనుకొందాం. కేవలం వాడిన సంఖ్యను లెక్కించే విధానంలో ఆ టైళ్లు తరువాత ఎవరికీ అక్కరలేకపోయినా చిరకాలం నిలిచిపోతాయి. చివరిసారి వాడిన కాలాన్ని చూసే విధానంలో కొన్ని వారాలకే తొలగిపోతాయి. అయితే పరీక్షల సెలవుల్లో ఎవరూ చూడని సంస్థానపు టైళ్లు కూడా ఈ రెండవ విధానంలో తొలగుతాయి. తరగతులు మొదలైన రోజున వాటిని మళ్లీ గీయవలసి వస్తుంది. పాఠకుల రాక ఉత్సవాల వెంట సాగే పటానికి రెండవ విధానం, ఏడాది పొడవునా స్థిరంగా ఉండే పాఠ్యపటానికి మొదటి విధానం అనువైనవి.

తొలగింపులో మూడు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, టైళ్ల ఫోల్డరును నేరుగా చెరిపివేయకూడదు. జియోవెబ్‌కాష్ తన వినియోగ లెక్కను వేరొక నిధిలో రాసుకొంటుంది. ఫైళ్లను బయటి నుంచి తొలగిస్తే ఆ లెక్క తప్పుతుంది. ట్రంకేట్ అనే సొంత సౌకర్యం ద్వారానే తొలగించాలి. రెండవది, కాష్‌ను ప్రత్యేక డిస్క్ విభాగంలో ఉంచాలి. జియోసర్వర్ సహజ అమరికలో కాష్ దాని సమాచార ఫోల్డరులోనే ఏర్పడుతుంది. సమాచార నిధీ, కాష్ ఒకే విభాగంలో ఉంటే టైళ్లు నిండిన రోజున పరిశోధకుని కొత్త నమోదులు కూడా ఆగిపోతాయి. మూడవది, రోజువారీ భద్రతా నకళ్లలో కాష్‌ను చేర్చకూడదు. మళ్లీ గీయగల టైళ్లు నకళ్ల స్థలాన్ని ఆక్రమిస్తే, మళ్లీ దొరకని మూల సమాచారానికి చోటు కరువవుతుంది.

8. పాతబడిన టైళ్లు

డిస్క్ నిండితే సర్వరు ఆగి తన లోపాన్ని చాటుతుంది. పాతబడిన టైల్ అలా చాటదు. చక్కగా కనిపిస్తూనే తప్పు చెబుతుంది. పరిశోధనకు రెండవదే ఎక్కువ ప్రమాదకరం.

2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడు జిల్లాల పేర్లు మారలేదు. కాని వాటికి పొరుగున మహబూబ్‌నగర్ అని ఉన్న చోట కొన్ని మండలాల దగ్గర నారాయణపేట అని రావాలి. సమాచార నిధిలో మార్పు చేసి కాష్‌ను వదిలేస్తే విచిత్రమైన పటం ఏర్పడుతుంది. ఇంతకుముందు ఎవరూ చూడని టైళ్లు కొత్తగా గీయబడి నారాయణపేటను చూపుతాయి. తరచూ చూసిన టైళ్లు మహబూబ్‌నగర్‌నే చూపుతాయి. 12వ స్థాయిలో ఒక జిల్లా, 13వ స్థాయిలో మరొక జిల్లా కనిపించవచ్చు. రెండు కాలాల పాఠాలు కలిసిపోయిన మిశ్ర ప్రతి వంటిదిది. ఏ పుట ఏ మాతృకకు చెందిందో గుర్తించడం దుస్సాధ్యం.

దీనికి పరిష్కారం మార్పు పరిధినిబట్టి ఉంటుంది. ఒక ఊరి పేరులో అక్షరదోషాన్ని దిద్దితే, ఆ ఊరి చుట్టూ ఉన్న టైళ్లను మాత్రమే అన్ని స్థాయిలలోనూ తొలగిస్తే చాలు. సరిహద్దు మారితే ఆ పొరను మొత్తంగా తొలగించాలి. సరిహద్దులను ఆధార పటంలో కలిపి గీయకుండా ప్రత్యేకమైన పొరగా ఉంచడంలోని ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. జిల్లా మారినప్పుడు నదులనూ రోడ్లనూ మళ్లీ గీయనవసరం లేదు. మోడ్‌టైల్ పద్ధతిలో సమాచారం మారిన తేదీకన్నా ముందు గీసిన టైళ్లను పాతవిగా గుర్తించి, వాటిని క్రమంగా తిరిగి గీసే ఏర్పాటు ఉంది.

సర్వరులోని టైళ్లను తొలగించినా పాఠకుని బ్రౌజరులో మరొక కాష్ ఉంటుంది. సర్వరు టైల్‌తో పాటు దాని చెల్లుబాటు కాలాన్ని కూడా పంపుతుంది. అది ఏడు రోజులైతే, సవరణ జరిగిన తరువాత కూడా ఏడు రోజుల వరకు కొందరికి పాత పటమే కనిపించవచ్చు. పొర చిరునామాలో సంవత్సరాన్నో, సంస్కరణ సంఖ్యనో చేర్చి, సరిహద్దులు మారినప్పుడు దానిని మార్చితే బ్రౌజరు కొత్త టైళ్లనే అడుగుతుంది.

9. కాష్ భాండాగారం కాదు

పాత టైళ్లను తొలగిస్తే పాత పటం నశిస్తుంది కదా అన్న సందేహం సహేతుకమైనదే. ఈ ప్రాంతంలో ఆ సందేహానికి బలమైన కారణం ఉంది. శ్రీశైలం జలాశయం వల్ల కృష్ణా, తుంగభద్రల తీరాల్లోని పలు గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించారు. జటప్రోలు ఆలయాన్ని కూడా ముంపు నుంచి తప్పించి వేరొక చోట పునర్నిర్మించారు. జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు. నీరు తగ్గిన వేసవిలో నేలగా కనిపించే చోటు వానకాలం తరువాత నీరవుతుంది. ఇలాంటి చోట ఏ పటమైనా ఒకానొక కాలపు పటమే.

మునిగిన గ్రామాన్ని గుర్తుంచుకోవలసిన బాధ్యత పటానికి ఉన్నది. కాని ఆ బాధ్యతను కాష్ మోయలేదు. డిస్క్ పరిమితి ముందు మునిగిన ఊరి టైల్‌కు, ఖాళీ టైల్‌కు తేడా లేదు. తక్కువమంది చూస్తారు కనుక మునిగిన ఊరి టైలే ముందుగా తొలగిపోవచ్చు. టైల్ నుంచి ఊరి పేరును, దాని ఆధారాన్ని, కాలాన్ని తిరిగి రాబట్టడం కూడా సాధ్యం కాదు. అది పిక్సెళ్ల సముదాయం మాత్రమే.

అందుచేత ప్రతి స్థలానికీ పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఆధార గ్రంథం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఆ పేరు లేదా ఎల్ల వర్తిస్తుందన్న వివరం సమాచార నిధిలో ఉండాలి. బోరవెల్లికి 2016కు ముందు మహబూబ్‌నగర్, తరువాత జోగుళాంబ గద్వాల అని రెండు నమోదులుండాలి. జటప్రోలుకు పాత స్థానం, కొత్త స్థానం రెండూ ఉండాలి. అవి ఉన్నప్పుడు ఏ కాలపు పటాన్నైనా ఎప్పుడైనా మళ్లీ గీయవచ్చు. అప్పుడు కాష్ మొత్తాన్ని ఒక రాత్రిలో తొలగించినా పరిశోధనకు నష్టం లేదు. కాష్‌ను తొలగించడానికి జంకవలసి వస్తున్నదంటే, మూల సమాచారం సరిగా భద్రపడలేదని అర్థం.

10. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. టైళ్ల సంఖ్య ప్రతి జూమ్ స్థాయికీ నాలుగింతలవుతుంది. మూడు జిల్లాల పటంలో 17, 18 స్థాయిలే దాదాపు 94 శాతం. గరిష్ఠ స్థాయిని పరిశోధన అవసరమే నిర్ణయించాలి.

2. డిస్క్ వినియోగాన్ని గిగాబైట్లలో మాత్రమే కాక, ఫైళ్ల సంఖ్యలోనూ లెక్కించాలి. మెటాటైల్, ఏకఫైలు పద్ధతులు, ఒకే రంగు టైళ్ల లంకెలు ఈ సంఖ్యను తగ్గిస్తాయి.

3. పదహారవ స్థాయి వరకు మొత్తం ప్రాంతాన్ని, ఆపై స్థాయిలలో ఎంపిక చేసిన ఊర్లను మాత్రమే ముందుగా గీయడం మేలు. చిన్నదై తరచూ మారే సాహిత్య సమాచారాన్ని టైళ్లుగా దాచనవసరం లేదు.

4. కాష్‌కు ప్రత్యేక విభాగం, స్పష్టమైన పరిమితి, ఆలోచించి ఎంచుకొన్న తొలగింపు విధానం ఉండాలి.

5. జిల్లా సరిహద్దులు మారినప్పుడు సర్వరు కాష్‌తో పాటు బ్రౌజరు కాష్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సిద్ధాంతగ్రంథంలో చేర్చే పటచిత్రం కింద అది ఏ తేదీ నాటి సమాచారంతో గీసినదో పేర్కొనాలి.

6. చారిత్రక స్థలసమాచారానికి ఆశ్రయం సమాచార నిధి. కాష్ దానికి వేగాన్ని మాత్రమే ఇస్తుంది.

ప్రతిని మాతృకగా పొరబడరాదన్నది పాఠపరిష్కరణ శాస్త్రం నేర్పే తొలి పాఠాలలో ఒకటి. వెబ్ పటాల విషయంలోనూ ఆ పాఠమే వర్తిస్తుంది. తాళపత్ర ప్రతులను పోల్చి చూసే శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులకు ఈ సాంకేతిక విషయం మొదట కనిపించినంత దూరమైనది కాదు.